ఎందరు బతికి ఇంటికి పోయిన్రు? ఆ లెక్క బోర్డు మీద ఎందుకుండదు?

దిల్‌సుఖ్‌నగర్ బస్టాండు కాడ దిగి, మెట్రో పిల్లర్ల కింద నుంచి చైతన్యపురి, కొత్తపేట మీదుగ ఎల్బీనగర్ రింగురోడ్డు దాకా ఒకసారి నడిచి చూడున్రి. కోచింగ్ సెంటర్ల బోర్డులెన్నో, దవాఖాన బోర్డులు దాదాపు అన్ని కనవడ్తయి. నల్లగొండ, సూర్యాపేట, దేవరకొండ, ఇబ్రహీంపట్నం దిక్కు నుంచి బస్సుల వచ్చే పేషెంటుకు పట్నం అంటే మొదలు ఈ రోడ్డే. ఆ బోర్డుల మీద ఏముంటది? 24 గంటల ఎమర్జెన్సీ, ఆరోగ్యశ్రీ సౌకర్యం కలదు, డాక్టరు పేరు, పేరెనుక అరగజం డిగ్రీలు. ఒక్క ముచ్చట మాత్రం ఏ బోర్డు మీద ఉండదు. ఈ ఆపరేషన్ ఇక్కడ ఎందరికి చేసిన్రు, అండ్ల ఎందరు బతికి ఇంటికి పోయిన్రు?

ఈ ప్రశ్న నాకు పుస్తకంల దొరకలే. మా మేనమామతోటి ఆస్పత్రుల చుట్టు తిరిగినప్పుడు దొరికింది.

మామ ముప్పై ఏండ్లు లారీ తోలిండు. దినానికి రెండు కట్టల బీడీలు. 68 ఏండ్ల వయసుల నడుం నొప్పి అంటె, కిడ్నీల రాయి ఉందేమో అని స్కానింగ్ తీపిచ్చినం. రాయి లేదు గని, కడుపుల పెద్ద రక్తనాళం ఉబ్బింది, 4.6 సెంటీమీటర్లు అని రిపోర్టు వచ్చింది. గుండె నుంచి రక్తం కిందికి తెచ్చే ఆ నాళాన్ని అయోర్టా అంటరు. కడుపు భాగంల మామూలుగ రెండు సెంటీమీటర్లుంటది. మూడు దాటితే ఏన్యురిజం కిందనే లెక్క. పాత సైకిల్ ట్యూబుకు ఒక్క తాన బుగ్గ లేచినట్టు అనుకోన్రి. లేచినన్ని దినాలు నొప్పుండదు, తెల్వదు. పగిలిందంటె ఎక్కువ మంది దవాఖాన చేరకముందే పోతరు.

ఈ రోడ్డు మీదనే ఒక ప్రైవేటు ఆస్పత్రికి తీస్కపోయినం. పేరెందుకు గని, అక్కడ "ఇది టైంబాంబు, ఇయ్యాలనే అడ్మిట్ చేయున్రి, స్టెంట్ వెయ్యాలె, ఏడెనిమిది లక్షలైతది" అన్నరు. మా అత్త అక్కడనే కూలవడ్డది. నేను ఒక్కటే అడిగిన. "సార్, ఈ ఆపరేషన్ మీ తాన ఇప్పటిదాంక ఎందరికి చేసిన్రు? ఎందరు మంచిగున్నరు?" కౌంటర్ల కూసున్న పిలగాడు "సక్సెస్ రేటు 99 పర్సెంట్ అన్నా" అన్నడు. వందల తొంభై తొమ్మిదా, ఒక్కరికి చేస్తె ఒక్కరు బతికిన్రా అంటె జవాబు లేదు. సర్కారు దవాఖానకు తీస్కపోతె అక్కడి సర్జన్ రిపోర్టు చూసి, "ఇప్పుడు కొయ్యాల్సిన పని లేదు. బీడీ బంద్ చేయ్, బీపీ గోలీలు మింగు, ఆర్నెల్లకోసారి స్కాన్ తీపిచ్చి చూపెట్టు" అన్నడు. మామ ఇప్పటికి గుడ ఎల్బీనగర్ల మనుమనిని బడికి తోలుకపోతున్నడు.

ఇద్దరు డాక్టర్లు, రెండు మాటలు. ఎవరిది నిజమని మాసొంటోళ్లు ఎట్ల తేల్చుకోవాలె? మనిషి ముఖం చూసి కాదు, లెక్క చూసి తేల్చాలె. ఆ లెక్కలకు ఒక శాస్త్రమే ఉంది. ఆపరేషన్ చేసినంక రోగి ఏమైండు, నెలకు ఉన్నడా, ఏడాదికి ఉన్నడా, పదేండ్లకు ఉన్నడా అని వెంటవడి రాసి పెట్టే పరిశోధన అది. ఫలితాల పరిశోధన అందాం.

మా మామను కొయ్యకుంట కాపాడింది ఆ పరిశోధనే. బ్రిటన్ల 1,090 మంది రోగులను తీస్కోని, నాలుగు నుంచి అయిదున్నర సెంటీమీటర్ల మధ్య ఉబ్బున్నోళ్లల సగం మందికి వెంటనే ఆపరేషన్ చేసిన్రు, సగం మందిని స్కానింగులతోటి కనిపెట్టుకుంట కూసున్నరు. 1998ల ఫలితం వచ్చింది. తొందరవడి కోసినందుకు ఎక్కువ మంది బతకలే. అమెరికాల చేసిన ఇసొంటి పరీక్ష గుడ 2002ల అదే మాట చెప్పింది. అప్పటి నుంచి మొగోళ్లకు అయిదున్నర సెంటీమీటర్లు అనేది ప్రపంచమంత గీత అయింది. నాళం గబగబ పెరుగుతున్నా, నొప్పి దాని నుంచే వస్తున్నదని తేలినా లెక్క వేరే. మామది 4.6, నొప్పి వెన్నుపూసది. ఎనిమిది లక్షల బిల్లుకు, బడికాడ మనుమని చెయ్యి వట్టుకునే తాతకు మధ్యల ఉన్నది ఆ ఒక్క గీత.

స్టెంట్ సంగతి గుడ ఇట్లనే. 1990ల అర్జెంటీనా డాక్టర్ హువాన్ పరోది కడుపు కొయ్యకుంట, తొడ కాడి నాళంల నుంచి గొట్టం పంపి ఉబ్బు లోపల కూసోవెట్టిండు. చూస్తె అద్భుతమే. బ్రిటన్ల చేసిన పోలికల మొదటి ముప్పై దినాలల కడుపు కోసినోళ్లల నూటికి 4.7 మంది పోతె, స్టెంట్ వేసినోళ్లల 1.7 మందే పోయిన్రు. అక్కడనే ఆగితే స్టెంట్ గెలిచినట్టే. వాళ్లు ఆగలే, పదిహేనేండ్లు వెంటవడి చూసిన్రు. ఎనిమిదేండ్లు దాటినంక లెక్క తిరగవడ్డది. స్టెంట్ వేసినోళ్లల చావులు ఎక్కువైనయి. స్టెంట్ పక్క నుంచి రక్తం కారి, ఉబ్బు మళ్ల పగిలినోళ్లున్నరు. అంటే స్టెంట్ చెడ్డదని కాదు. వయసు మీదవడ్డోళ్లకు, కోతకు తట్టుకోనోళ్లకు అదే దిక్కు. గని స్టెంట్ వేసుకున్నోడు బతికినన్ని దినాలు స్కానింగ్ తీపిచ్చుకుంట ఉండాలె. డిశ్చార్జి నాడు తీసిన ఫొటోల నవ్వు చూసి సక్సెస్ అంటె, కథ సగంల సినిమా హాలు నుంచి లేసి వచ్చినట్టే.

ఇదంత తెల్లోళ్ల దేశం ముచ్చట, మనకెందుకు అంటరా? వాళ్ల దేశంల గుడ లెక్క రాసేదాంక సిగ్గు తెల్వలే. 2008ల యూరప్ సర్జన్లు తమ దేశాల లెక్కలన్ని ఒక్క తాన కుప్ప వోసి చూసిన్రు. పగలకముందు, తీరికగ చేసే ఆపరేషన్ల బ్రిటన్ల నూటికి దాదాపు ఎనిమిది మంది చనిపోతున్నరు. యూరప్ సగటేమో మూడున్నర. గొప్ప వైద్యం మాదే అనుకున్న దేశం, పడమటి యూరప్‌ల అందరికంటె ఎన్కవడ్డదని తేలింది. దాచిపెట్టలే. ఏడాదికి నాలుగైదు కేసులు చేసే చిన్న ఆస్పత్రులు బంద్ చేస్కొని, కేసులు పెద్ద సెంటర్లకు పంపుడు వెట్టిన్రు. ఆపరేషన్ ముందు సర్జన్, మత్తు డాక్టర్, స్కానింగ్ డాక్టర్ ముగ్గురు కూసోని మాట్లాడాలని రూలు వెట్టుకున్నరు. స్టెంట్లు గుడ పెరిగినయి. నాలుగైదేండ్లల చావులు సగానికంటె కిందికొచ్చినయి. 2013ల సర్జన్ల పేర్లతోటి సహా ఫలితాలు జనం ముందర వెట్టిన్రు. స్వీడన్ అయితే 1987 నుంచే రక్తనాళాల ఆపరేషన్ల రిజిస్టరు నడిపిస్తున్నది.

ఇగ మన తానకు వద్దాం. మనకు లెక్క రాసే యంత్రం లేదా అంటె, ఉన్నది. 2007ల ఉమ్మడి రాష్ట్రంల ఆరోగ్యశ్రీ మొదలైంది. 2023 డిసెంబరుల దాని హద్దు పది లక్షలకు పెంచిన్రు. ఆస్పత్రిల చేరిన కాడి నుంచి, అప్రూవలు, ఆపరేషన్, డిశ్చార్జి, బిల్లు దాకా ప్రతి కేసు కంప్యూటర్ల ఎక్కుతది. పైసలియ్యాలె గదా, రాయకుంటె ఎట్ల? ఆ లెక్కతోటి పరిశోధన గుడ అయింది. 2008 నుంచి 2012 దాకా ఆరోగ్యశ్రీ కింద జరిగిన 6.77 లక్షల సర్జరీ అడ్మిషన్లను పరిశోధకులు లెక్కగట్టి 2015ల అచ్చేసిన్రు. అండ్ల దాదాపు 80 శాతం ప్రైవేటు ఆస్పత్రులల్లనే జరిగినయి. అంటే పైస మనది, రోగి మనోడు, రికార్డు సర్కారు తాన, కత్తి ప్రైవేటోళ్ల చేతుల. ఫలితం మాత్రం ఎవరి చేతుల లేదు.

ఆ బిల్లుల లెక్కకు ఒక కన్ను లేదు. ఆస్పత్రిల పోయినోళ్లనే అది చావు కింద రాస్తది. "ఇగ లాభం లేదు, తీస్కపోన్రి" అని సంతకం వెట్టిచ్చుకోని అంబులెన్స్ ఎక్కిస్తే, ఆ మనిషి చౌటుప్పల్ దాటకముందే పోయినా ఆస్పత్రి రికార్డుల బతికి వెళ్లినోడే. ఉస్మానియాకో, గాంధీకో ఆఖరి గడియల తోలితే ఆ చావు సర్కారు దవాఖాన ఖాతాల వడ్తది. జనం ఏమనుకుంటరు? సర్కారు దవాఖానల చస్తరు, ప్రైవేటుల బతుకుతరు అని. అందుకే ముప్పై దినాల లెక్క, ఏడాది లెక్క కావాలె. పేషెంటు ఫోన్ నంబరు కార్డుల ఉండనే ఉన్నది. ఒక్క ఫోను చేస్తె తెలుస్తది.

దీనికి డాక్టర్లు అడ్డం చెప్పే మాట ఒకటుంది. అది తీసి పారేసేది కాదు. చావుల లెక్క బయటవెడ్తే, ముసలోళ్లను, షుగర్ ఉన్నోళ్లను, పగిలి వచ్చినోళ్లను ఏ సర్జనూ ముట్టడు, నంబరు చెడిపోతదని వాపసు పంపుతడు అంటరు. నిజమే. అందుకే పగిలి వచ్చిన కేసుల లెక్క వేరే, తీరికగ చేసినయి వేరే వెట్టాలె. వయసు, కిడ్నీ, గుండె సంగతి చూసి లెక్కగట్టాలె. కష్టమైన కేసు పట్టినోడు ఓడినట్టు కనవడొద్దు. ముగ్గురికి చేసి ముగ్గురు బతికితే అది నూరు శాతం కాదు, అది మూడు మాత్రమే. మొదలు డాక్టరు పేరు వద్దు, ఆస్పత్రి పేరు, కేసుల సంఖ్య చాలు.

ఇంకొకటి. అయిదున్నర సెంటీమీటర్ల గీత తెల్లోళ్ల పెయ్యి మీద గీసింది. మనోళ్లు సన్నపు మనుషులు, మన నాళం మామూలుగనే కొంచెం సన్నగుంటది. ఇక్కడ టీబీ సొంటి ఇన్ఫెక్షన్లతోటి, టకయాసు అనే నాళాల వాపు జబ్బుతోటి వయసులున్నోళ్లకు గుడ ఈ ఉబ్బు వస్తది. బ్రిటన్ల 67,800 మంది ముసలి మొగోళ్లతోటి పరీక్ష చేస్తె, ఒక్క కడుపు స్కానింగ్‌తోటి ఈ జబ్బు చావులు నాలుగేండ్లల 42 శాతం తగ్గినయి. ఇప్పుడు అక్కడ 65 నిండిన ప్రతి మొగోన్ని పిలిచి ఉత్తగనే స్కాన్ తీస్తరు. మనకు గుడ అట్లనే చెయ్యాల్నా, బీడీ తాగినోళ్లకే చేస్తె సరిపోతదా? మన లెక్క మనం రాసుకుంటెనే తెలుస్తది. అరువు గీతలతోటి ఎన్ని దినాలు?

2025 జనవరిల ఇక్కడి సరూర్‌నగర్ డాక్టర్స్ కాలనీలనే ఒక ఆస్పత్రిల దొంగచాటు కిడ్నీ మార్పిడులు బయటవడ్డయి. చిన్న ఆస్పత్రికని పర్మిషన్ తీస్కోని, లోపల కిడ్నీలు మారుస్తున్నరు. ఏ ఆస్పత్రిల ఏ ఆపరేషన్ అయితున్నది, రోగి ఏమైతున్నడు అని నెలనెల లెక్క అడిగేటోడుంటె గంత దూరం పోవునా? లైసెన్సు గోడను చూస్తది, మనిషిని చూడది. అదే ఏడాది సెప్టెంబరుల బకాయిలు ఇయ్యలేదని నెట్‌వర్క్ ఆస్పత్రులు ఆరోగ్యశ్రీ సేవలు ఆపినయి. వాళ్ల పైసలు వాళ్లకియ్యాలె, అండ్ల నాకు తకరారు లేదు. గని ఆ చర్చల బల్ల మీద సర్కారు బిల్లుల కాయితాలే వెట్టింది, ఫలితాల కాయితం వెట్టలే.

కొత్తపేటల గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ తీసేసిన జాగల టిమ్స్ కోసం 2022ల శంకుస్థాపన చేసిన్రు. ఎల్బీనగర్ దవాఖానకు 900 కోట్లు, సనత్‌నగర్, అల్వాల్ కలిపి మూడింటికి 2,679 కోట్లు మంజూరైనయి. ఆ మార్కెట్ల హమాలీ పని చేసినోళ్లు, బత్తాయి బండ్లు నడిపినోళ్లు జాగ ఇడిసిపెట్టి బాటసింగారం దిక్కు పోయిన్రు. వాళ్ల త్యాగానికి బదులు అద్దాల మేడ ఒక్కటే కాదు అడగాల్సింది. ఆ దవాఖాన గేటు కాడ, తెలుగుల, అందరికి కనవడేటట్టు ఒక బోర్డు ఉండాలె. ఈ ఏడాది ఈ ఆపరేషన్లు ఇన్ని, ముప్పై దినాలకు బతికున్నోళ్లు ఇందరు అని. సర్కారు దవాఖాన ముందు మొదలువెడ్తే, ఆరోగ్యశ్రీ పైసలు తీసుకునే ప్రతి ప్రైవేటు ఆస్పత్రిని గుడ వెట్టుమని అడిగే హక్కు మనకొస్తది.

అప్పటిదాంక మీ ఇంట్ల ఎవరికన్న పెద్ద ఆపరేషన్ అన్నరంటె భయపడకున్రి, కోపానికి రాకున్రి, నాలుగు ముచ్చట్లు అడుగున్రి. ఇప్పుడే చెయ్యాల్నా, ఆగితే ఏమైతది? మీరు ఏడాదికి ఇసొంటివి ఎన్ని చేస్తరు? నెల దాటినంక ఎందరు మంచిగున్నరు? తర్వాత ఎన్నేండ్లు స్కానింగులు తీపియ్యాలె, వాటి పైసలెవరియ్యాలె? మంచి డాక్టరు ఈ ప్రశ్నలకు మొఖం మాడ్సుకోడు, కుర్సీ జరిపి కూసోమంటడు. మా మామకు జవాబు చెప్పిన సర్కారు సర్జన్ అట్లనే చేసిండు.