చేప ఒక శాఖది, పేరు ఎవరిది?

వర్షాకాలంలో కోల్‌కతా చేపల బజారులో ఇలిష్ బేరాలు చూచిన తెలుగువాడికి గోదావరి గుర్తుకు రాక మానదు. చేప ఒకటే. సముద్రంలో ఉన్నంతకాలం మన జాలరులకు అది ఇలస. ఎర్రనీటికి ఎదురీది గోదావరి చేరితే పులస. దాని వలస చరిత్ర యావత్తూ ఆ రెండు మాటలలో ఇమిడి ఉంది. పేరంటే పిలుపు మాత్రమే కాదు, తరతరాల పరిశీలన.

ఈ సంగతి కంపెనీ దొరలు ఏనాడో గ్రహించారు. పాట్రిక్ రస్సెల్ విశాఖపట్నంలో సేకరించిన 200 చేపల వర్ణనలను 1803లో ప్రచురిస్తూ, వాటిలో తెలుగు జాలరుల పేర్లను పొందుపరిచాడు. 1822లో బుకానన్ హామిల్టన్ గంగానది చేపల గ్రంథంలో రోహిత, కట్ల, ఇలిష అనే దేశీయ నామాలను శాస్త్రనామాలలోకి ఎక్కించాడు. నేటి కొల్లేటి రైతు నోట కూడా కట్ల కట్లయే.

అండమాన్ దీవులకు ఆ భాగ్యం పట్టలేదు. వేల ఏళ్లుగా సముద్రాన్ని నమ్ముకున్న గ్రేట్ అండమానీయులు నేడు పదుల సంఖ్యలో మిగిలారు. బో భాష మాట్లాడిన చివరి వ్యక్తి బోవా సీనియర్ 2010 జనవరి 26న, సరిగ్గా మన గణతంత్ర దినోత్సవం నాడు, కన్నుమూసింది. అన్వితా అబ్బి 2012లో గ్రేట్ అండమానీయ నిఘంటువు వెలువరించడం వల్ల కొన్ని మాటలైనా దక్కాయి.

ప్రభుత్వ సంస్థలకు కొదవ లేదు. జంతు సర్వేక్షణ సంస్థ, మానవశాస్త్ర సర్వేక్షణ సంస్థల ప్రధాన కార్యాలయాలు రెండూ కోల్‌కతాలోనే ఉన్నాయి. అయితే మొదటిది పర్యావరణ శాఖది, రెండవది సాంస్కృతిక శాఖది. భాషల బాధ్యత మోసే మైసూరు సంస్థ విద్యాశాఖ కిందిది. చేప ఒకరిది, మనిషి ఒకరిది, మాట మరొకరిది. చేప పేరు మాత్రం ఎవరిదీ కాదు. సభలో ప్రశ్న వేయదలచిన సభ్యుడికి ఏ మంత్రిని అడగాలో తోచదు. పదివేల మంది లోపు మాట్లాడే భాషలను జనగణన పట్టికలు విడిగా చూపవు. ఓట్లు లేని భాషకు గొంతెక్కడిది?

కోరదగినది పెద్ద పథకమేమీ కాదు. దీవులలో సేకరించే ప్రతి చేప నమూనా మీద శాస్త్రనామం సరసన స్థానిక నామం, అది దొరికే ఋతువు, తావు రాయాలి. నికోబారీ భాష ఇంకా వేలమంది నోట సజీవంగా ఉంది. అక్కడ నేడే మొదలు పెట్టవచ్చు. వ్యాపారానికి వచ్చిన కంపెనీ కొలువులో ఒక వైద్యుడు విశాఖ రేవులో చేసిన పని, ప్రజాప్రభుత్వానికి అసాధ్యం కారాదు.