చూడ్డానికొచ్చినవాళ్ళకేనా దీపాలు?

మా ఆడపడుచు కాకినాడ నుంచి పిల్లల్తో వచ్చింది. వచ్చిన రోజు సాయంత్రమే, "వదినా, మాకు చార్మినార్ వద్దు, గోల్కొండ వద్దు. ముందు కేబుల్ బ్రిడ్జి చూపించు" అంది. సముద్రం ఒడ్డున పుట్టి పెరిగిన మనిషి, చెరువు చూడ్డానికి ఇంత ఆరాటపడుతోందేమిటా అని నవ్వొచ్చింది నాకు. అయినా వంట పెందలాడే ముగించి బయల్దేరాం.

చెప్పొద్దూ, దుర్గం చెరువు మీద ఆ వంతెన రాత్రిపూట చూడవలసిందే! నీలం, ఎరుపు, ఆకుపచ్చ... తీగలన్నీ వెలుగుతూ వుంటే, చెరువులో ఇంకో వంతెన తలకిందులుగా వెలుగుతూ వుంటే, ఎంత వయసు వచ్చిన వాళ్ళమైనా నోరు తెరుచుకుని నిలబడతాం. నేనూ నిలబడ్డాను. అంచేత నన్ను రసజ్ఞత లేనిదాన్నని ఎవరూ అనకండి.

ఇనార్బిట్ మాల్ వేపు, వంతెన మొదట్లో, మా మేనకోడలు ఫొటోకి నిలబడింది. వాళ్ళన్న ఫోను అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. ఫుట్‌పాత్ మీద ఎవరో ఆవిడ, చేతిలో టిఫిన్ డబ్బా, భుజాన సంచీ, షేర్ ఆటో కోసం చూస్తూ నిలబడి వుంది. ఆవిడ ఫొటోలోకి వస్తోంది. "ఆంటీ, కొంచెం పక్కకి జరుగుతారా?" అన్నాడు వాడు, మర్యాదగానే. ఆవిడ జరిగింది. ఫుట్‌పాత్ మీద జరగడానికి చోటేదీ? అంతా ఫొటోలు తీసుకునేవాళ్ళే. రోడ్డు మీదకి దిగింది. అంతే, ఒక మోటారు సైకిలు ఆవిడ కొంగుని రాసుకుంటూ దూసుకుపోయింది. డబ్బా కిందపడి మూత ఊడి దొర్లింది. నేను పరిగెత్తాను. వంగి డబ్బా తీస్తున్న మనిషిని చూసి గుండె ఆగినంత పనైంది. మా పనిమనిషి!

పొద్దున మా ఇంట్లో, మధ్యాహ్నం ఇంకో రెండిళ్ళలో పని ముగించుకుని, సాయంత్రం ఏదో ఆఫీసులో ఊడ్చి తుడిచి, రాత్రి పదింటికి ఇంటికెళ్తుందట. నాలుగేళ్ళుగా మా ఇంట్లో గిన్నెలు తోముతోంది. రాత్రి పదింటికి ఆవిడెక్కడ వుంటుందో నాకు ఆ క్షణం దాకా తెలీదు. "ఏం గాలేదమ్మా, భయపడకున్రి. రోజూ గిట్లనే వుంటది" అని నన్నే ఓదార్చింది.

పేరు రాయనా అంటే వద్దంది. అంచేత రాయడం లేదు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆవిడ రోజూ నిలబడే చోటు అది. మేము ఒక్క గంట కోసం వెళ్ళిన వాళ్ళం. జరగవలసింది ఆవిడా?

కాస్త వెనక్కి వెళ్దాం. 1998 నవంబరులో వాజ్‌పేయి గారు సైబర్ టవర్స్‌ను ప్రారంభించేటప్పటికి నేను బి.ఎ. చదువుతున్నాను. మాదాపూర్ అంటే అప్పుడు బండరాళ్ళూ, తుప్పలూ. దుర్గం చెరువు గోల్కొండ కోటకి నీళ్ళిచ్చిన చెరువని పెద్దవాళ్ళు చెప్పేవారు. రాళ్ళ మధ్య దాక్కుని వుండేది కాబట్టి రహస్యపు చెరువనే పేరు కూడా వుండేది. 2020 సెప్టెంబరు 25న ఆ చెరువు మీద వంతెన ప్రారంభమైంది. రెండు స్తంభాల మధ్య దూరం సుమారు 234 మీటర్లు, ఖర్చు 184 కోట్లు. కొత్తలో శని ఆదివారాల్లో వాహనాలు ఆపేసి మరీ జనాన్ని దాని మీద తిరగనిచ్చారు. చూడ్డానికొచ్చిన వాళ్ళ క్షేమం కోసం ఒక రోడ్డునే ఆపగలిగారన్నమాట! మంచిదే. కాదనను. మరి సోమవారం రాత్రి పనినుంచి ఇంటికెళ్ళేవాళ్ళ కోసం నాలుగు గజాల ఫుట్‌పాత్ ఖాళీగా వుంచలేమా?

ఇదేం కొత్త సంగతి కాదు. 2019 నవంబరు 4న గచ్చిబౌలిలో బయోడైవర్సిటీ జంక్షన్ ఫ్లైఓవర్ తెరిచారు. అదే నెల 23న ఒక కారు వేగంగా వచ్చి, పైనుంచి కింద రోడ్డు మీద పడింది. కింద రోడ్డుపక్కన నిలబడిన ఒక స్త్రీ చనిపోయింది. ఫ్లైఓవరెక్కలేదు, కారెక్కలేదు, ఏ తప్పూ చెయ్యలేదు. నేల మీద నిలబడింది, అంతే! తర్వాత ఫ్లైఓవర్ మూసి, జాగ్రత్తలు చేర్చి, 2020 జనవరిలో మళ్ళీ తెరిచారు. పైన పోయేవాడి వేగం గురించి ఇంజనీర్లు లెక్కలు వేస్తారు. కింద నిలబడే మనిషి ఆ లెక్కలో ఎప్పుడొస్తుంది?

మన వూరికి అతిథులంటే మహా ప్రీతి. 2017 నవంబరు 28 నుంచి మూడు రోజులు మాదాపూర్ హెచ్.ఐ.సి.సి.లో అంతర్జాతీయ పారిశ్రామికవేత్తల సదస్సు జరిగింది. అమెరికా అధ్యక్షుడి కూతురు వచ్చింది. ఆ సదస్సు నినాదం ఏమిటో గుర్తుందా? ముందు స్త్రీలు, తర్వాత అందరికీ శ్రేయస్సు! ఆ నెలలోనే నగరంలో రెండు నెలలపాటు అడుక్కోకూడదని పోలీసు ఉత్తర్వు వచ్చింది. రోడ్ల మీది బిచ్చగాళ్ళని పోగుచేసి, జైళ్ళ ప్రాంగణాల్లో పెట్టిన ఆశ్రయాలకి తరలించారు. వాళ్ళల్లో ఆడవాళ్ళూ వున్నారు. వాళ్ళు "ముందు స్త్రీల"లోకి రారు కాబోలు! చుట్టాలొస్తున్నారని మాసిన బట్టలన్నీ మంచం కిందకి తోసేసినట్టు మనుషుల్ని తోసెయ్యడం! చుట్టాలు వెళ్ళాక బట్టలు ఉతుకుతాం మనం. వీళ్ళ సంగతేమిటి?

విహారం మీద బతికే వూళ్ళ గతి ఏమవుతుందో పక్కవాళ్ళని చూసైనా నేర్చుకోవచ్చు. ఇంగ్లండులో బ్లాక్‌పూల్ అని సముద్రం ఒడ్డున ఒక వూరుంది. 1894లో తెరిచిన టవరు, 1896 నుంచీ నడుస్తున్న వినోదాల పార్కు. ఏటా శరదృతువులో ఆరు మైళ్ళ పొడవునా దీపాల అలంకారం. 1879లో మొదలైన వేడుక అది! లక్షలమంది చూసిపోతారు. అదే ఇంగ్లండులో 2019లో ప్రభుత్వం పేదరికం లెక్క తీస్తే, అన్నిటికన్నా పేదవైన పది పేటల్లో ఎనిమిది ఆ వూళ్ళోనే తేలాయి. నూట నలభై ఏళ్ళ దీపాలు కూడా ఇంట్లో పొయ్యి వెలిగించలేకపోయాయన్నమాట.

మన విశాఖ సంగతి చూడండి. 2024 ఫిబ్రవరిలో ఆర్కే బీచ్‌లో తేలే వంతెన ప్రారంభించారు. మర్నాడే చివరి భాగం విడిపోయి నీళ్ళలో కొట్టుకుపోయింది. పరీక్ష కోసం మేమే విడదీశామన్నారు అధికారులు. దాని మీద అప్పుడు మనుషులెవరూ లేకపోవడం మన అదృష్టం. తెరవడానికి ముందు చెయ్యవలసిన పరీక్ష తెరిచిన మర్నాడా? రిబ్బను కత్తిరించే తొందర అలాంటిది.

"ఆడవాళ్ళ క్షేమానికి ఎంతో చేశారు కదండీ" అంటారు మీరు. చేశారు. 2013 అక్టోబరులో ఈ సైబరాబాదులోనే, హాస్టలుకి వెళ్ళడానికి కారెక్కిన ఒక సాఫ్ట్‌వేర్ అమ్మాయి మీద ఘోరం జరిగింది. వూరంతా ఉలిక్కిపడింది. నేరస్తులకి ఇరవయ్యేళ్ళ శిక్ష పడింది. 2014 అక్టోబరు 24న షీ టీములొచ్చాయి. 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్ళకి బస్సు టిక్కెట్టు లేకుండా పోయింది. ఇవన్నీ నిజమైన మేళ్ళే, నోరారా ఒప్పుకుంటాను. కానీ బస్సే లేని వేళ ఉచిత బస్సు ఎవరికి? మా పనిమనిషి పది దాటాక బస్సు కోసం చూసీ చూసీ చివరికి షేర్ ఆటోకి ఇరవై రూపాయలు పెడుతుంది. దిగిన దగ్గర్నించి బస్తీలోకి పది నిమిషాల నడక. దారిలో మూడు దీపస్తంభాలు, వెలిగేది ఒకటి. వేల దీపాలు వెలిగే వంతెనకీ, ఒక్క దీపం వెలిగే గల్లీకీ మధ్య రెండు కిలోమీటర్లు లేదు!

అన్నట్టు, 2013లో వచ్చిన లైంగిక వేధింపుల చట్టం ఆఫీసుల్లో ఉద్యోగాలు చేసే ఆడవాళ్ళకే అనుకుంటాం. ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళకీ వర్తిస్తుంది. జిల్లాలో వుండే స్థానిక కమిటీకి ఫిర్యాదు చెయ్యొచ్చు. మీ పనిమనిషికి ఈ మాట ఎప్పుడైనా చెప్పారా? నేను చెప్పలేదు. చెప్తే ఎవరిమీద ఫిర్యాదు చేస్తుందోనని, ఏ మూలో భయం కాబోలు మనకి!

"జనం చూడ్డానికి రాబట్టే కదా వాళ్ళకి పని దొరికేది" అని మా ఆడపడుచు వాదించింది. దొరుకుతుంది, నిజమే. టీ బండి, మొక్కజొన్న బండి, పల్లీల గంప... అందరూ ఆడవాళ్ళే. అయితే ఫుట్‌పాత్ సుందరీకరణ అనగానే మొదట లేచేది ఆ బండ్లే. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం పట్టణ కమిటీలో నూటికి నలభై మంది వ్యాపారులే వుండాలి, వాళ్ళల్లో మూడోవంతు ఆడవాళ్ళుండాలి. కాగితం మీద ఎంత ముచ్చటగా వుందో! 2024 జనవరిలో మాదాపూర్‌లో భోజనం అమ్మే ఒకావిడ బండి తీసెయ్యమన్నారు పోలీసులు. ఆవిడ అప్పటికే వీడియోల్లో పేరు తెచ్చుకుంది కాబట్టి గోలైంది, ముఖ్యమంత్రి కలగజేసుకుంటే నిలబడింది. సంతోషం. వీడియోలో పడని పక్క బండి ఆవిడ ఎవరికి మొరపెట్టుకోవాలి?

ప్రభుత్వాన్ని తిట్టడం తేలిక. ఇక మన సంగతికి వద్దాం. మా అపార్ట్‌మెంటులో పనివాళ్ళకి వేరే లిఫ్టు. అది వారానికి రెండు రోజులు పాడు. ఐదంతస్తులు మెట్లెక్కొస్తుంది. పొద్దున ఆరింటి నుంచి మధ్యాహ్నం దాకా వాళ్ళు వెళ్ళడానికి ఒక మరుగుదొడ్డి లేదు. మీ ఇంట్లో వెళ్ళనిస్తారా? గుండె మీద చెయ్యేసుకుని చెప్పండి. ఇంటికొచ్చిన చుట్టానికి కొత్త తువ్వాలు తీసిస్తాం, మన ఎంగిలి కంచం కడిగే మనిషికి వేరే గ్లాసు పెడతాం. ఇల్లు ఎలా నడుపుతున్నామో, వూరూ అలానే నడుస్తోంది. వంతెన కట్టిన ఇంజనీరూ మన ఇంటి పిల్లాడే.

నేను అడిగేవి గొంతెమ్మ కోరికలు కావు. వంతెన దీపాలు ఆర్పమనడం లేదు. ఆఫీసుల దగ్గర్నించి బస్తీలకి రాత్రి పదకొండు దాకా బస్సు. గల్లీ మొదట్లోంచి చివరి దాకా దీపాలు. మనుషులు నిలబడ్డానికి నిలబడేంత చోటు. ఆడవాళ్ళకి శుభ్రమైన మరుగుదొడ్లు. ఇవి వుంటే మా ఆడపడుచు లాంటి అతిథులకీ సుఖమే కదా!

ఈ నాలుగూ ఒక అర్జీగా రాసి, మునిసిపల్ వార్డు ఆఫీసులో ఇద్దామని మా అపార్ట్‌మెంటులో సంతకాలకి తిరిగాను. అరవై ఇళ్ళు. పంతొమ్మిది సంతకాలయ్యాయి. అందులో పదిహేడు ఆడవాళ్ళవి. "మనకెందుకండీ" అన్నవాళ్ళు కాఫీ మాత్రం ఇచ్చారు. వచ్చే ఆదివారం మళ్ళీ తిరుగుతాను.

మర్నాడు పొద్దున గిన్నెలు తోముతూ మా పనిమనిషి అడిగింది. "ఫొటో మంచిగొచ్చిందా అమ్మా?"

వచ్చిందన్నాను. ఎంతో బాగా వచ్చింది. చూపించమంది. మా మేనకోడలి ఫోనులో చూపించాను. చేతులు తుడుచుకుని, దగ్గరికి పెట్టుకుని చాలాసేపు చూసింది. "మంచిగుంది బిడ్డ" అంది.

ఫొటోలో ఎడమవేపు చివర ఫుట్‌పాత్ ఖాళీగా వుంది.