ఊరు ఇవ్వాల్సిన నిశ్శబ్దం

శాలిహుండం కొండ మీద వరి పండదు. గార మండలంలో వంశధార ఒడ్డున ఉన్న ఆ చిన్న కొండ మీద మిగిలినవల్లా ఇటుక స్తూపాలు, చైత్యాల అడుగులు, భిక్షువులు తలదాచుకున్న గదుల పునాదులు. 1919లో గిడుగు రామమూర్తి పంతులుగారు చెప్పేదాకా ఆ దిబ్బల విలువ లోకానికి తెలీదు. క్రీస్తు పూర్వం 2వ శతాబ్దం నుంచి క్రీస్తు శకం 12వ శతాబ్దం దాకా అక్కడ బౌద్ధం బతికిందని తవ్వకాల తర్వాత తేలింది. విజయనగరానికి దగ్గర్లో, రామతీర్థం పక్కనున్న గురుభక్తులకొండ మీదా అలాంటి ఆరామమే ఉండేది. కొండ మీద కళ్ళు మూసుకుని కూర్చున్నవాడికి రోజూ అన్నం ఎక్కణ్ణుంచి వచ్చింది? కింద ఊళ్ళ నుంచే. భిక్షువు పాత్ర పట్టుకుని దిగివచ్చేవాడు, ఇల్లాలు గరిటెడు అన్నం వేసేది. ఆ స్తూపాలకి ఇటుక కాల్చింది, మోసింది కూడా మామూలు సంసారులే. మన దగ్గర ధ్యానం మొదటి నుంచీ ఊరుమ్మడి వ్యవహారం.

ఆ పద్ధతి పూర్తిగా పోలేదు. సత్యనారాయణ గోయెంకా మాండలేలో పుట్టి, రంగూన్‌లో సయాజీ ఊ బా ఖిన్ దగ్గర విపశ్యన నేర్చుకుని, 1969లో దాన్ని భారతదేశానికి తెచ్చారు. ఉత్తరాంధ్ర రేవుల్లో ఓడెక్కి మన తాతలు కూలికీ నాలికీ వెళ్ళిన రంగమే ఆ రంగూన్. ఆయన పది రోజుల శిబిరాల్లో తిండికీ బసకీ రుసుము లేదు. ముందు కూర్చుని వెళ్ళినవాళ్ళ విరాళంతో తర్వాతివాళ్ళు కూర్చుంటారు. 1994లో తీహార్ జైల్లో వెయ్యి మందికి పైగా ఖైదీలు అలాగే కూర్చున్నారు. ‘శ్వాస మీద ధ్యాస’ అంటూ తెలుగు పల్లెలు తిరిగిన సుభాష్ పత్రీజీ (1947–2022) కూడా డబ్బు తీసుకోకుండానే నేర్పమన్నారు. పిరమిడ్ల మహిమ గురించి ఆయన సంస్థ చెప్పే మాటలు నాకు ఎక్కవు గానీ, ఊపిరి మాట మాత్రం పనికొచ్చేదే.

అందులో మంత్రాలూ తంత్రాలూ లేవు. అరుగు మీదో కుర్చీలోనో వెన్ను నిటారుగా పెట్టి కూర్చోవాలి. ముక్కు దగ్గర ఊపిరి వచ్చేది, పోయేది గమనించాలి. నాలుగో ఊపిరికే మనసు డ్వాక్రా వాయిదా దగ్గరికి పోతుంది. అక్కణ్ణుంచి చెన్నైలో ఉన్న కొడుకు దగ్గరికి, అక్కణ్ణుంచి పొద్దున తోటికోడలు అన్న మాట దగ్గరికి. పోయిందని తెలియగానే, తనని తాను తిట్టుకోకుండా మళ్ళీ ఊపిరి దగ్గరికి రావాలి. పోవడం తప్పు కాదు, తిరిగి రావడమే సాధన. యాభైసార్లు పోతే యాభైసార్లు రావాలి. కొన్ని వారాలు వదలకుండా చేసినవాళ్ళకి తోటికోడలి మాట గుర్తు రాకుండా పోదు. కాకపోతే దాని వెంట పగలంతా నడవరు. మాటకీ కోపానికీ నడుమ కాస్త సందు దొరుకుతుంది.

దీన్ని శాస్త్రవేత్తలూ కొలిచి చూశారు. 2010లో హార్వర్డ్ పరిశోధకులు ఇద్దరు 2,250 మందిని రోజులో ఎప్పుడంటే అప్పుడు ఫోన్‌లో పలకరించి, ఇప్పుడేం చేస్తున్నారు, మనసు ఆ పని మీదే ఉందా, ఎలా ఉన్నారు అని అడిగారు. దాదాపు 47 శాతం సార్లు మనసు చేస్తున్న పని మీద లేదు. లేనప్పుడు మనుషులు అంత సంతోషంగానూ లేరు. చేతిలో ఉన్న పని ఏదన్న దానికంటే మనసు ఎక్కడుందన్నదే సంతోషాన్ని ఎక్కువగా తేల్చింది. 2014లో అమెరికా వైద్యులు 47 ప్రయోగాలను, అంటే 3,515 మంది ఫలితాలను, కలిపి చూశారు. ఆందోళన, దిగులు, నొప్పి ఓ మోస్తరుగా తగ్గాయి. వ్యాయామం కంటే, మందుల కంటే ధ్యానం గొప్పదని మాత్రం తేలలేదు. 2022లో వచ్చిన ఇంకో ప్రయోగంలో ఆందోళన జబ్బు ఉన్న 276 మందిలో సగం మంది ఎసిటాలోప్రామ్ మాత్ర వేసుకున్నారు, సగం మంది ఎనిమిది వారాలు ధ్యానం నేర్చుకున్నారు. రెండో గుంపు మొదటి గుంపుకి తీసిపోలేదు. అయితే వాళ్ళకి వారం వారం తరగతి ఉంది, రోజూ ఇంటి దగ్గర 45 నిమిషాల సాధన ఉంది. పండక్కో రోజు, పబ్బానికో రోజు కూర్చున్నవాళ్ళ లెక్క కాదది.

బ్రిటన్‌లో ఎనిమిది వేల మందికి పైగా బడిపిల్లలకి పాఠంలాగా ధ్యానం చెప్పి చూశారు. 2022లో ఫలితం వచ్చింది: మామూలు పిల్లల కంటే వాళ్ళకి ఒరిగిందేమీ లేదు. ఎక్కువమంది ఇంటి దగ్గర అసలు కూర్చోనేలేదు. పైనుంచి ఆర్డరేసి మనసుని కుదుట పెట్టలేం. 2025 జూన్ 21న విశాఖ ఆర్.కె. బీచ్ నుంచి మన భోగాపురం దాకా బారులు తీరి మూడు లక్షల మందికి పైగా యోగా చేసి గిన్నిస్‌కెక్కారు. సంతోషమే. ఐక్యరాజ్యసమితి డిసెంబర్ 21ని ప్రపంచ ధ్యాన దినోత్సవం చేసింది, అదీ సంతోషమే. మరి జూన్ 22న ఎంతమంది కూర్చున్నారు? ఆ లెక్క ఎవరూ అడగలేదు. అడగాల్సింది అదే.

కూర్చోవాలంటే ముందు తీరిక ఉండాలి. పలాస–కాశీబుగ్గ జీడి పరిశ్రమల్లో పిక్కలు కొట్టే చేతులు ఎక్కువగా ఆడవాళ్ళవే. జీడి అంటుకుని వేళ్ళ చర్మం నల్లబడి ఊడుతుంది. అక్కడి ఆడమనిషి తెల్లారకముందే లేచి, నీళ్ళు పట్టి, వాకిలి చిమ్మి, అంబలి కాచి, పిల్లల్ని బడికి తయారుచేసి పనిలోకి పోతుంది. మళ్ళీ చీకటి పడ్డాక పొయ్యి ముందు కూర్చుంటుంది. ఆమెతో ధ్యానం చెయ్యమ్మా అంటే ఏమంటుందో మన ఊళ్ళో పుట్టినవాళ్ళెవరికైనా తెలుసు: “నాను కూకుంటే పనెవులు సేత్తారు?” ఈ ప్రశ్నకి ఏ గురువూ జవాబు చెప్పలేడు. చెప్పాల్సింది ఆమె మొగుడు, కొడుకు, అత్త. బిందె పట్టుకుని కుళాయి దగ్గర నిలబడగలిగిన మగవాడు ఇంట్లో ఉండగా ఆ ఇంటి ఇల్లాలికి ఇరవై నిమిషాలు దొరకవంటే, అది తీరిక లేకపోవడం కాదు, మన సిగ్గు లేకపోవడం. మన ఇళ్ళలో పొద్దున్నే పూజగదిలో ప్రశాంతంగా గంటసేపు కూర్చునే పెద్దమనుషులున్నారు. ఆ గంటసేపూ వంటింట్లో చప్పుడు కాకుండా గిన్నెలు తోముతున్న మనిషి ఇంకొకరుంటారు. ఆ పెద్దమనిషి పుణ్యంలో ఆమె వాటా ఎంత? ఓ రోజు ఆమెని పీట మీద కూర్చోబెట్టి ఆయన గిన్నెల దగ్గరికి పోతే వాటా తేలుతుంది.

తీరిక తర్వాత కావలసింది చప్పుడు లేకపోవడం. పైడితల్లమ్మ సిరిమానోత్సవం నాడు విజయనగరం హోరెత్తాల్సిందే, ఆ రోజు నిశ్శబ్దం ఎవరికీ అక్కర్లేదు. నేను అడుగుతున్నది మిగతా రోజుల గురించి. గుడి మైకు తెల్లవారుజామున నాలుగున్నరకే మొదలవుతుంది, పక్క వీధిలో ప్రార్థన మైకు దానికి పోటీ పెడుతుంది, పెళ్ళి ఊరేగింపు డీజే అర్ధరాత్రి దాటినా ఆగదు. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి పదింటి నుంచి పొద్దున ఆరింటి దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్ మోగకూడదు. ఆసుపత్రి, బడి, కోర్టు చుట్టూ వంద మీటర్ల మేర ప్రభుత్వం నిశ్శబ్ద మండలంగా ప్రకటించవచ్చు. చట్టం ఉంది. అడిగేవాడు లేడు, అడిగితే దేవుడికి అడ్డం పడ్డవాడవుతాడు. దేవుడి పేరు చెప్పి పక్కింటి రోగి నిద్ర తీసేసే హక్కు ఏ మతమూ ఎవరికీ ఇవ్వలేదు. పదోతరగతి పిల్ల చదువు, నైట్ షిఫ్ట్ నుంచి వచ్చినవాడి కునుకు, ముసలమ్మ జపం ఒకే మైకు కింద నలిగిపోతున్నాయి.

ఇంకో సంగతి. మనసు కుదుట పెట్టుకోవాల్సిందెవరు? దిగులుపడ్డవాణ్ణే కూర్చోమంటున్నాం. దిగులు పెట్టినవాణ్ణి ఎవరూ కూర్చోమనరు. ఇచ్ఛాపురం దాటి గంజాం జిల్లాలోకి వెళ్తే జౌగడ శాసనాలున్నాయి. కళింగ యుద్ధం తర్వాత అశోకుడు ప్రత్యేకంగా ఈ కళింగ అధికారులకే రాయించిన మాటలు వాటిలో ఉన్నాయి. మనుషులంతా నా బిడ్డలన్న చక్రవర్తి, అదే శాసనాల్లో ఈర్ష్య, కోపం, కరుకుతనం, తొందరపాటు, బద్ధకం, అలసట ఉన్నవాడు న్యాయం చెయ్యలేడని అధికారులను హెచ్చరించాడు. ఏడాదిలో ఫలానా రోజుల్లో ఆ మాటలు అందరికీ చదివి వినిపించమన్నాడు. అధికారి కోపం అతని సొంత విషయం కాదని రెండు వేల రెండు వందల ఏళ్ళ కిందటే మన గడ్డ మీద రాయించాడు. కాబట్టి పొద్దున్నే కూర్చోవాల్సిన మొదటి వరుసలో తహసీల్దారు, ఎస్.ఐ., హెడ్మాస్టరు, మేస్త్రీ, అప్పులవాడు, ఇంటి యజమాని ఉండాలి. వాళ్ళ చిరాకు తగ్గితే పదిమంది ఇళ్ళలో సాయంత్రం బాగుంటుంది. కోపం పైనుంచి కిందికే పారుతుంది. కింద తోడి ఏం లాభం?

ఉద్దానం సంగతి చెప్పకుండా ఈ మాట ముగిస్తే అన్యాయం. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు ఊళ్ళలో కిడ్నీ జబ్బు ఇళ్ళకిళ్ళనే తినేసింది. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను కొబ్బరినీ జీడినీ కూల్చి మిగిలిన ఆసరా తీసేసింది. అలాంటి ఇంటికి వెళ్ళి సానుకూలంగా ఆలోచించండి, ధ్యానం చెయ్యండి అనడం కంటే పాపం లేదు. ముందు మంచినీళ్ళు, డయాలసిస్, మందులు, దారిఖర్చు. హిరమండలం నుంచి వంశధార నీళ్ళు రావడానికీ, 2023 డిసెంబర్‌లో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి తెరవడానికీ జనం ఏళ్ళ తరబడి అడిగారు, ధర్నాలు చేశారు, ఊపిరి బిగబట్టి కూర్చోలేదు. ఆ తర్వాతే ధ్యానం మాట. అప్పుడు అది నిజంగా పనికొస్తుంది. డయాలసిస్ కుర్చీలో నాలుగేసి గంటలు కదలకుండా ఉండే మనిషికి, బయట బెంచీ మీద కాచుకున్న భార్యకి, ఊపిరి గమనిస్తూ ఉండడం నేర్పే మనిషి ఒకరుంటే, ఆ గదిలో టీవీ గొంతు కాస్త తగ్గితే, ఆ గంటలు వేరేగా గడుస్తాయి. మనసు మరీ కుంగిపోయి, చావు తలపులు వస్తున్నవాళ్ళని మాత్రం ధ్యానంతో సరిపెట్టకండి. కొందరికి కళ్ళు మూసుకుంటే భయం పెరుగుతుంది కూడా. వాళ్ళకి డాక్టరు కావాలి. 14416కి ఫోన్ చేస్తే టెలీ మానస్‌లో ఏ వేళైనా తెలుగులోనే, ఉచితంగా మాట్లాడతారు.

గుడి కమిటీ పెద్దలకీ, చర్చి పాస్టర్లకీ, మసీదు కమిటీకీ నా విన్నపం ఒకటే: మీరు ముగ్గురూ కలిసి నిర్ణయిస్తే ఊళ్ళో పొద్దున ఆరింటి దాకా ఏ మైకూ మోగదు, ఒక్కరే ఆపితే ఓడిపోయినట్టుంటుంది. పొదుపు సంఘాల అక్కలకి: వారం మీటింగులో లెక్కలు మొదలెట్టే ముందు పది నిమిషాలు కూర్చోండి, ఆ పది నిమిషాలూ వాయిదా కట్టలేని చెల్లిని ఎవరూ ఏమీ అనకండి. మగవాళ్ళకి: రేపు పొద్దున బిందె మీరు పట్టండి. సర్పంచులకి: వచ్చే గ్రామసభలో మొదటి అంశంగా మైకుల సంగతి పెట్టండి, తీర్మానం రాయించి అందరి చేతా సంతకాలు చేయించండి, ఆ రాత్రి నుంచే అమలు చెయ్యండి.