నేరం ఒకడిది, సంజాయిషీ అందరిదా?

2025 ఏప్రిల్ 22న పహల్గాంలో ఉగ్రవాదులు 26 మందిని చంపారు. మనమంతా ఖండించాం. ఆ తర్వాత ప్రొద్దుటూరు టీ అంగళ్ల దగ్గర ఒక మాట మొదలైంది: "సాయిబులు బయటికొచ్చి 'మేం వాళ్లం కాదు' అని ఎందుకు చెప్పరు?" మన సభ్యుల్లోనూ కొందరు అదే అన్నారు. ఆరోజు పర్యాటకులను కాపాడబోయి ప్రాణం పోగొట్టుకున్న గుర్రపు కూలీ ముస్లిమేనన్న సంగతి వాళ్లకు గుర్తుకు రాలేదు.

ముందు మన సంగతి చూసుకుందాం. జమ్మలమడుగు, పులివెందుల పల్లెల్లో ఏళ్ల తరబడి ఫ్యాక్షన్ నడిచింది. నాటుబాంబులు పేలాయి, కాపుకొచ్చిన చీనీ చెట్లు నరికారు. కడప వాళ్లమంటే బయట ఊళ్లలో అనుమానంగా చూశారు. ఎవడో వేసిన బాంబుకు మనమెందుకు సంజాయిషీ ఇవ్వాలని మండిపడలేదా? ఢిల్లీ సరిహద్దుల్లో కూర్చున్న పంజాబ్ రైతులను ఖలిస్తానీలన్నారు. వాళ్లు మద్దతు ధర అడిగితే దేశభక్తికి రుజువు అడిగారు. అది జవాబు కోసం అడిగే ప్రశ్న కాదు, నోరు మూయించే ప్రశ్న.

అట్లని మౌనం మంచిదనడం లేదు. 2013లో ముజఫర్‌నగర్ అల్లర్లలో 60 మందికి పైగా చనిపోయారు. ఒకే యూనియన్‌లో ఉన్న జాట్, ముస్లిం చెరకు రైతులు విడిపోయారు. ముస్లిం రైతు నాయకుడు గులాం మహమ్మద్ జౌలా బయటికెళ్లారు. 2021 జనవరిలో అక్కడి మహాపంచాయతీకి ఆయన తిరిగొచ్చి, ముస్లింలపై దాడులు తప్పని వేదిక మీదే చెప్పారు. సభ విన్నది. సెప్టెంబర్ 5న అదే ఊళ్లో 'అల్లాహు అక్బర్', 'హర హర మహాదేవ్' నినాదాలు ఒకే వేదిక నుంచి వినిపించాయి. నవంబర్ 19న సాగు చట్టాలను వెనక్కి తీసుకుంటున్నట్టు ప్రకటించారు.

కాబట్టి లెక్క ఇది: జవాబుదారీ పుట్టుకకు కాదు, సాయం చేసిన చేతికి. ద్వేషం నూరిపోసే సభకు చందా ఇచ్చినోడు, ట్రాక్టరు పంపినోడు, చప్పట్లు కొట్టినోడు జవాబు చెప్పాలి. ఏ మతం వాడైనా సరే. మన పేరు వాడుకుంటే "మా పేరు వాడొద్దు" అని మనంతట మనమే అనాలి. అది ధైర్యం. పక్కోడి గల్లా పట్టి అనిపించడం దౌర్జన్యం.

ఉగాదినాడు దేవుని కడప గుడికి ముస్లింలు వస్తారు. పెద్ద దర్గాకు మనం పోతాం. ఎవరినీ ఎవరూ రుజువు అడగలేదు. "వాళ్ల దగ్గర కొనొద్దు" అనే మాట మన మీటింగులో వినబడితే అక్కడికక్కడే ఆపుదాం. ముస్లిం సభ్యుడిని అడగాల్సింది దేశభక్తి గురించి కాదు, శనగలు క్వింటాలు ఎంతకు పోయాయని.