ఆ ‘పోచంపల్లి’ని తిప్పి చూడండి

పెళ్లిబట్టల కోసం చింతల్, షాపూర్‌నగర్, సుచిత్ర, కొంపల్లి దుకాణాలకు వెళ్లే కుత్బుల్లాపూర్ వాసులకు ఇది హెచ్చరిక. ‘పోచంపల్లి’, ‘ఇక్కత్’ అని అమ్మే బట్టంతా చేనేత కాదు. మిల్లు గుడ్డ మీద ఆ డిజైన్ అచ్చు వేసి, నేతన్న పేరు చెప్పి అమ్మడం ఊరూరా సాగుతోంది. బొటిక్‌లో దానికే నాలుగు కుట్లు పడితే ‘డిజైనర్’ డ్రెస్ అయిపోతోంది.

కొనేముందు బట్టను తిప్పి చూడండి. అచ్చు వేసినదైతే లోపలివైపు రంగు వెలిసినట్టుంటుంది. అసలు ఇక్కత్ రెండు వైపులా ఒకేలా ఉంటుంది. డిజైన్ ఉన్నచోట పోగును కాస్త పక్కకు జరిపి చూస్తే రంగు లోపలిదాకా పట్టి ఉంటుంది. పువ్వు అంచులు కొద్దిగా చెదిరినట్టుంటే లోపమనుకోకండి, అది ఇక్కత్ పుట్టుమచ్చ. మరమగ్గం మీద నేసిన నకిలీ మాత్రం ఈ పరీక్షలన్నీ నెగ్గిపోవచ్చు. అందుకే హ్యాండ్లూమ్ మార్క్, పట్టయితే సిల్క్ మార్క్ అడగండి. బిల్లు మీద ‘చేనేత’ అని రాయించుకోండి. రాయనంటే కొనకండి.

ఇంత పట్టుదల ఎందుకంటే, మగ్గమెక్కకముందే నూలును ఆసు పోయాలి (మేకుల చుట్టూ తిప్పాలి), గీతలు పెట్టాలి, రబ్బరు పట్టీలతో చిటికి కట్టాలి, రంగులో ముంచాలి, విప్పాలి, మళ్లీ కట్టి మళ్లీ ముంచాలి. ఒక్క చీర ఆసుకే చెయ్యి సుమారు 9 వేలసార్లు ఆడాలి. తల్లి భుజాల నొప్పి చూడలేకే ఆలేరు ప్రాంత చేనేత బిడ్డ చింతకింది మల్లేశం ఆసు యంత్రం తయారుచేశారు. అంతటి కష్టాన్ని ప్రింటింగ్ యంత్రం గంటల్లో కాజేస్తోంది.

పోచంపల్లి ఇక్కత్‌కు 2004-05లో, పుట్టపాక తేలియా రుమాలుకు 2020లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఆ పేర్లను నకిలీకి తగిలించి అమ్మడం 1999 నాటి చట్టం ప్రకారం నేరం.

ఫ్యాషన్ డిజైన్ చదివే పిల్లలారా, నేత డిజైన్‌ను ఫోన్‌లో ఫొటో తీసి ప్రింటింగ్ యూనిట్‌కు పంపడం దొంగతనమే. మేడ్చల్, శామీర్‌పేటల దగ్గర ఔటర్ ఎక్కి పోచంపల్లి, పుట్టపాక, కొయ్యలగూడెం వెళ్లండి. మగ్గం దగ్గరే బట్ట కొనండి, మీ కొత్త డిజైన్లు నేయించండి, నేసినవారి పేరు లేబుల్ మీద వేయండి.

మోసపోయినవారు బిల్లు దాచుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు వెంటనే ఫోన్ చేయండి.