కొత్త కోచ్‌ని మొదటి పంటకే తూకం వేయొద్దు

ఈసారి పోస్టు ఎరువుల గురించీ కాదు, ధరల గురించీ కాదు. అమెరికాలో కాలేజీ ఫుట్‌బాల్ గురించి. "ఈయనకి చేలో పని అయిపోయిందా" అని నవ్వుకోకండి. చివరిదాకా చదవండి, ఇందులో మన సంగతి కూడా ఉంది.

ఇది కాళ్ళతో తన్నే ఫుట్‌బాల్ కాదు. కోడిగుడ్డు ఆకారం బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తే ఆట. ఆడేది కాలేజీ పిల్లలే గాని, చాలా రాష్ట్రాల్లో ప్రభుత్వ ఉద్యోగులందరిలోకీ ఎక్కువ జీతం ఈ కోచ్‌కే ఉంటుంది. ఏడాదికి పన్నెండు ఆటలు. అందులో ఆరు గెలిస్తే, చివర్లో 'బౌల్' అనే పెద్ద ఆటకి అర్హత వస్తుంది.

నెబ్రాస్కా అని ఒక రాష్ట్రం ఉంది. మొక్కజొన్న, సోయా, గొడ్లు, అదే వాళ్ళ బతుకు. అక్కడి యూనివర్సిటీ జట్టు పేరు కార్న్‌హస్కర్స్, అంటే మొక్కజొన్న కండెలు ఒలిచేవాళ్ళు. లింకన్ ఊళ్ళో వాళ్ళ స్టేడియం టిక్కెట్లు 1962 నవంబర్ నుంచి ప్రతి ఆటకీ అమ్ముడవుతూనే ఉన్నాయి. గెలిచినా ఓడినా జనం వస్తారు. అలాంటి జనానికి కొత్త కోచ్ వచ్చాడంటే ఎంత ఆశ ఉంటుందో మనకి చెప్పక్కర్లేదు. తొలకరి చినుకు పడ్డప్పుడు మనకుండే ఆశే అది.

వాళ్ళ కథ వినండి. 1962లో బాబ్ డెవానీ వచ్చాడు. ఆయన తరవాత 1973 నుంచి టామ్ ఆస్బోర్న్. ఇద్దరూ కలిసి 36 ఏళ్ళు నడిపారు, ఐదు జాతీయ టైటిళ్ళు తెచ్చారు. ఆస్బోర్న్‌కి మొదటి టైటిల్ వచ్చింది 1994లో, అంటే ఆయన 22వ ఏట. అన్నేళ్ళూ ఏటా కనీసం తొమ్మిది ఆటలు గెలుస్తూనే ఉన్నాడు గాని, పెద్ద పంట చేతికి రావడానికి అంతకాలం పట్టింది.

ఆయన దిగిపోయాక 25 సీజన్లలో ఐదుగురు కోచ్‌లు మారారు. టైటిల్ ఒక్కటీ లేదు. ఫ్రాంక్ సోలిచ్ 2003లో 9-3 మీద ఉండగా తీసేశారు. బో పెలీనీ ఏ ఏడూ తొమ్మిది గెలుపులకి తగ్గలేదు, ఆయన్నీ 2014లో పంపేశారు. "తొమ్మిది చాలవు" అన్నారు. ఆ తరవాత తొమ్మిది గెలుపులున్న ఏడు వాళ్ళకి ఒక్కటే, 2016.

మన ఊళ్ళల్లో ఇది చూడని వాళ్ళెవరు? ఏటా కౌలుదారుని మార్చే ఆసామి పొలం ఎలా ఉంటుంది? వచ్చే ఏడు ఈ చేను తనకి ఉంటుందో లేదో తెలియని వాడు పశువుల ఎరువు తోలడు, జీలుగ వేసి దున్నడు. రెండు బస్తాల యూరియా ఎక్కువ చల్లి ఈ ఏటికి గట్టెక్కుతాడు. నేల మాత్రం ఏటికేడు చచ్చిపోతుంది. కోచ్ సంగతీ అంతే. మెడ మీద కత్తి ఉన్నవాడు పద్దెనిమిదేళ్ళ పిల్లల్ని తెచ్చి మూడేళ్ళు తయారుచేసే ఓపిక ఎక్కడ పడతాడు?

అలాగని గడువు లేకుండా వదిలేయమని నేను అనడం లేదు. స్కాట్ ఫ్రాస్ట్ సంగతి చూడండి. నెబ్రాస్కా బిడ్డే, 1997 టైటిల్ జట్టులో క్వార్టర్‌బ్యాక్. 2018లో కోచ్‌గా వస్తే దేవుడే దిగొచ్చాడన్నారు. ఐదో సీజన్ మొదట్లో పంపేసేసరికి లెక్క 16 గెలుపులు, 31 ఓటములు. 2021లో తొమ్మిది ఓడితే, ఒక్కటీ తొమ్మిది పాయింట్లకి మించి ఓడలేదు. చివరి దాకా తెచ్చి వదిలెయ్యడం ప్రతిసారీ జరిగితే దాన్ని దురదృష్టం అనకూడదు, సేద్యంలో లోపం అనాలి.

2022 చివర్లో మ్యాట్ రూల్‌ని తెచ్చారు. ఎనిమిదేళ్ళ ఒప్పందం, 7.4 కోట్ల డాలర్లు. ఆయన పాత లెక్క చూస్తే టెంపుల్‌లో 2-10తో మొదలుపెట్టి మూడో ఏటికి పది గెలుపులు. బేలర్‌లో 1-11తో మొదలుపెట్టి మూడో ఏటికి పదకొండు. ఇక్కడ మాత్రం 5-7, 7-6, మళ్ళీ 7-6. రెండో ఏడు ఎన్నాళ్ళకో బౌల్ ఆట గెలిచారు, అది నిజమే. కానీ మూడో ఏటి పంట అనుకున్నంత రాలేదు.

ఇప్పుడు అసలు చిక్కు. ఇండియానా యూనివర్సిటీ చరిత్రంతా ఓటములే. 2023లో 3-9. కర్ట్ సిగ్నెట్టి వచ్చిన మొదటి ఏడే 11-2, రెండో ఏడు ఒక్క ఓటమి లేకుండా జాతీయ ఛాంపియన్. ఇప్పుడు ఆటగాళ్ళు కాలేజీ నుంచి కాలేజీకి సులువుగా మారొచ్చు, డబ్బూ తీసుకోవచ్చు. కాబట్టి "అతను చేశాడుగా, మనవాడు ఎందుకు చెయ్యడు" అని అందరూ అడుగుతున్నారు.

నా జవాబు ఇది. సిగ్నెట్టి సంతలో కనబడ్డ నారల్లా కొనుక్కురాలేదు. తను అంతకుముందు పనిచేసిన జేమ్స్ మాడిసన్ నుంచి పదిమందికి పైగా ఆటగాళ్ళనీ, తన సహాయకులనీ వెంట తెచ్చుకున్నాడు. తన చేతిలో పెరిగిన నారు అది. అదే ఫ్లోరిడా స్టేట్ చూడండి, బయటి ఆటగాళ్ళ మీద బాగా ఆధారపడ్డ జట్టు. 2023లో 13-1, మరుసటి ఏడు 2-10. పక్క చేను కాపు చూసి అదే విత్తనం వేస్తే మన నేలలో అదే కాపు వస్తుందా?

అందుకని కొత్త కోచ్ దగ్గర ఏం ఆశించాలంటే, నా లెక్క మూడు మాటలు. మొదటి ఏడు గెలుపులు లెక్కపెట్టొద్దు, కలుపు తీశాడా గట్లు వేశాడా చూడండి. అంటే అనవసరపు తప్పులు తగ్గాయా, పిల్లలు నాలుగో క్వార్టర్‌లో కూడా నిలబడుతున్నారా అని. రెండో ఏడు ఆరు గెలుపులు అడగండి, అది పెట్టుబడి తిరిగి రావడం. మూడో ఏడు తనకంటే పెద్ద జట్ల మీద గెలవమని అడగండి. అది అడిగే హక్కు టిక్కెట్టు కొన్న ప్రతి మనిషికీ ఉంది. రూల్‌ని ఇప్పుడు అడగాల్సిందీ అదే. అడగడం వేరు, తరిమెయ్యడం వేరు. నాలుగో ఏడు కూడా పెద్దవాళ్ళ మీద చేతులెత్తేస్తే అప్పుడు మారుద్దురుగాని.

మన సొసైటీకి కొత్త అధ్యక్షుడు వచ్చినా, పొలం కొత్త కౌలుదారుకి ఇచ్చినా, వ్యవసాయం కొడుకు చేతిలో పెట్టినా ఇదే కొలత. గడువు ముందే చెప్పండి. గడువు లోపల వేలు పెట్టకండి. గడువు దాటాక మొహమాటపడకండి.

మీరైతే ఎన్నేళ్ళు ఇస్తారు? కింద రాయండి.