నాటినవారి పని ఎప్పుడు ముగుస్తుంది?

మొక్క నాటగానే బాధ్యత తీరిందని మనం తరచుగా భావిస్తాము. జర్మనీ అడవుల అనుభవం వేరు. 2018 నుండి వరుసగా వచ్చిన కరవు, దాని వెంటే విజృంభించిన బెరడు పురుగు అక్కడి స్ప్రూస్ వనాలను విస్తారంగా నాశనం చేశాయి. కరవును మరింతగా తట్టుకొనే ఓక్, సిల్వర్ ఫర్ వంటి చెట్లను కలిపి పెంచాలని అటవీ అధికారులు సంకల్పించారు. కాని రో జాతి జింకలు ఆ లేత చిగుళ్లనే ఏరి తింటాయి. గుచ్చుకొనే ఆకులున్న స్ప్రూస్‌ను చాలావరకు వదిలేస్తాయి. అందువల్ల తగ్గించాలనుకున్న చెట్టే మళ్లీ పైకి వస్తుంది. కంచె వేస్తే ఖర్చు, వేట పెంచితే వివాదం. ఇందులో జింక తప్పేమీ లేదు. దానిని అదుపులో ఉంచే తోడేళ్లను ఒకప్పుడు తుడిచిపెట్టింది మనిషే. కనుక మొక్క జింక నోటికి అందనంత ఎత్తు ఎదిగే వరకు నాటినవారి పని ముగియదని మనం గ్రహించాలి.